నా బుర్రలో పూడిన మురుగు కాలువ

తలనొప్పి గురించి రాసేటప్పుడు చదివేవాళ్ళకి తలనొప్పి రాకుండా చూసుకోవాలి. నా శక్తి మేరకు చూసుకుంటాను. ఇప్పుడు తేరుకున్నాను కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను. మొన్న ఎండాకాలంలో అయితే ఈ కాగితం మీది గీతలు నాకు రెండేసి కనిపించేవి.

నాకు గవర్నర్‌పేటలో ఒక మ్యాచింగ్ షాపు ఉంది. చీర తెస్తే దానికి సరిపడే జాకెట్టు గుడ్డ, ఫాలు, లైనింగు తీసి ఇస్తాను. పెద్ద వ్యాపారమేమీ కాదు. ఒక కాంప్లెక్సులో మెట్ల పక్కన ఇరుకు గది, మూడు గోడల నిండా తానులు. ట్యూబులైటు వెలుతురులో ఎరుపుకీ ఎరుపుకీ తేడా చెప్పగలగడమే నా పెట్టుబడి. మిరపపండు వేరు, కుంకుమ వేరు, దానిమ్మగింజ వేరు. మా నాన్న పెడనలో మగ్గం నేసేవాడు. అద్దకం నూలు ఆరేసిన దండేల కింద ఆడుకున్నదాన్ని. చదువు అంతంతమాత్రం, అందం అంతకన్నా అంతంతమాత్రం, కన్ను మాత్రం గొప్పదని బజారంతా అనేది. దాంతో నాకు కళ్ళు కాస్త నెత్తికెక్కిన మాట నిజమే. తర్వాత నెత్తే కళ్ళలోకి దిగింది. ఆ సంగతే ఇది.

మే

భవానీపురంలో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి వైశాఖంలో ముహూర్తం పెట్టారు. పీటల మీద కూర్చోవలసింది నేనూ మా ఆయనా. చూసుకుంటే సరిగ్గా అప్పటికే నాకు నెలసరి. మా ఇళ్ళలో ఇది కొత్త చిక్కూ కాదు, దీనికి విరుగుడూ కొత్తది కాదు. పెళ్ళికో వ్రతానికో అడ్డొస్తుందనుకుంటే మందుల షాపులో మాత్రలు అడుగుతారు. షాపతను మొహం చూడకుండా ఇస్తాడు, ఈవిడ మొహం చూపించకుండా తీసుకుంటుంది. పేపర్లో చుట్టిన ఆ పొట్లంతో పాటు డాక్టరు చీటీ ఉండదు, ఎన్నాళ్ళు మింగాలో చెప్పే నాథుడూ ఉండడు. మా అత్తయ్య తెప్పించింది, నేను మింగాను.

ముహూర్తం దగ్గర పడుతుండగా మా ఆయన పినతండ్రి కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. సంతోషమే. కానీ పురుడు ఉండగా గృహప్రవేశం చేయరు కాబట్టి ముహూర్తం జ్యేష్ఠానికి జరిగింది. దాంతో పాటు మాత్రలూ జరిగాయి.

"మధ్యలో ఆపితే ఎప్పుడొస్తుందో ఏంటో అమ్మాయ్. ఎందుకొచ్చిన గొడవ, కానియ్" అంది అత్తయ్య.

కానిచ్చాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా కాంప్లెక్సులో ఆడవాళ్ళకి బాత్రూం లేదు. అందుకని అక్కడ షాపుల్లో కూర్చునే ఆడవాళ్ళెవరం నీళ్ళు తాగం. పొద్దున ఇంట్లో కాఫీ, మధ్యాహ్నం క్యారేజీతో రెండు గుక్కలు, మళ్ళీ ఇంటికెళ్ళాకే. బెజవాడ ఎండల్లో కూడా అంతే. మా ఎదురుగా మిషను కుట్టే టైలరమ్మ అయితే పచ్చడి కూడా తెచ్చుకునేది కాదు, దాహం వేస్తుందని. ఇది ఒక జబ్బుకి దారి అని మాకెవరికీ తెలియదు. ఓపిక అనుకున్నాం.

గృహప్రవేశం బాగా జరిగింది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా హోమం ముందు కూర్చున్నాను. పాలు పొంగాయి, చుట్టాలు పొగిడారు, భోజనాలు సరిపోయాయి. ఆ సాయంత్రం తల బరువెక్కింది. పొగ వల్ల అనుకున్నాను.

జూన్

మామూలు తలనొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరిగేది. తెల్లారి లేచేసరికి తలలో ఎవరో కుక్కరు పెట్టి విజిల్ తీయడం మర్చిపోయినట్టు ఉండేది. లేచి గోడకి ఆనుకుని కూర్చుంటే కాస్త నయం. వాంతి అయ్యేది. చెవుల్లో గుండె చప్పుడు వినిపించేది.

నా తల మీద ఎవరికి తోచిన చెయ్యి వాళ్ళు వేశారు. నిద్ర చాలడం లేదన్నారు మా ఆయన. గ్యాసు అన్నారు బావగారు. ఈ బావగారు మా ఆయనకి అన్నగారు. మా ఇంట్లో ఏ నిర్ణయానికైనా ఆయనే పెద్ద. అత్తయ్య ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఘాటు రాలేదని ఆమె భయపడింది, నాకు దగ్గు రాలేదని నేను సంతోషించాను. వీధి చివరి డాక్టరు గారు మైగ్రేను అని మాత్రలిచ్చారు. పూట గడిచేది, నొప్పి గడిచేది కాదు.

తర్వాత కళ్ళు. కింది అర లోంచి తాను తీయడానికి వంగితే, కరెంటు పోయి వచ్చినట్టు, ఒక్క క్షణం అంతా నల్లబడేది. కొన్నాళ్ళకి అన్నీ రెండేసి కనిపించసాగాయి. మా ఆయన కూడా ఇద్దరు కనిపించారు. ఒకరితోనే ఇన్నేళ్ళుగా వేగుతున్నాను కదా అని ఆయనతో అంటే నవ్వారు, కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఒక రోజు పాత కస్టమరు ఒకావిడ గుడ్డ వెనక్కి తెచ్చింది. "ఇదేంటి వాణి గారూ, మంకెనపువ్వు చీరకి ఇటుక రంగు ఇచ్చారు? మీరేనా?" అంది. చీరా గుడ్డా పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ నాకు ఒకటే. అన్ని ఎరుపులూ ఉతికి ఉతికి వెలిసినట్టు ఉన్నాయి. ఆవిడకి ఇంకో గుడ్డ టైలరమ్మ చేత తీయించి పంపాను. ఎవరికీ చెప్పలేదు. తలనొప్పి గురించి ఊరంతా చెప్పుకున్న మనిషిని, దీని గురించి మాత్రం నోరెత్తలేదు. కన్ను పోతే నా దగ్గర ఇంకేముంది?

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గుడ్డ కొలుస్తుండగా నా ఎడమ చెయ్యి దానంతట అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేపలా. ఆగు, అన్నాను దానితో. అది ఆగలేదు. అంతవరకే గుర్తుంది. నేను పడిపోతుంటే టైలరమ్మ వచ్చి పట్టుకుందట. ఆటో పిలిచి, నా తల ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళిందట. దారి పొడుగునా ఆటో అబ్బాయితో "గోతులు చూసుకో నాయనా" అంటూనే ఉందట. మన రోడ్ల మీద ఆ పని ఎంత కష్టమో మీకు తెలుసు.

తెలివి వచ్చేసరికి అత్యవసర విభాగంలో మంచం మీద ఉన్నాను. మా ఆయన, బావగారు చెరో పక్క నిలబడి ఉన్నారు. ఒక చిన్న డాక్టరు అడిగాడు.

"బీపీ, షుగరు ఉన్నాయా అమ్మా? ఏమైనా మాత్రలు వాడుతున్నారా?"

బావగారి వైపు చూశాను. ఆయన ఎదుట నేను గట్టిగా నవ్వి కూడా ఎరగను. ఆయన ముందు ఈ మాత్రల సంగతి ఎలా చెప్పను? నెలంతా నీళ్ళు తాగనిదాన్ని, అక్కడ మాత్రం తెగ నీళ్ళు నమిలాను.

"ఏమీ లేవండీ" అన్నాను.

స్కానింగు గొట్టంలోకి పంపారు. తలరాత చదివే యంత్రం అంత గోల చేస్తుందని నాకు తెలియదు. సాయంత్రానికి చిన్న డాక్టరు వచ్చి, సైనస్‌లో రక్తం గడ్డకట్టింది, రేపు పెద్ద డాక్టరు గారు వచ్చి మాట్లాడతారు, అని చెప్పి వెళ్ళిపోయాడు. బావగారు మొదటి మాటే పట్టుకున్నారు. "సైనసేనట. అనవసరంగా హడలిపోయాం" అని చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. చీకటి పడకముందే ఒకరు పసుపు కొమ్ములు తెచ్చారు, ఒకరు నీలగిరి తైలం తెచ్చారు. ఇంకొకావిడ ఆవిరి పట్టే గిన్నెతో సహా దిగింది. మూసుకుపోయింది నా తల, వాళ్ళు ముక్కు తెరుస్తామంటున్నారు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు గారు వచ్చారు. పంచె కడితే రైతులా ఉండే మనిషి. నా కళ్ళల్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. తర్వాత మా అత్తయ్య వైపు తిరిగారు.

"మీదే ఊరమ్మా?"

"దివిసీమండీ. మా నాన్న వ్యవసాయం."

"అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. చేలోకి నీళ్ళు తెచ్చేది పంట కాలువ. చేలోంచి తీసుకెళ్ళేది మురుగు కాలువ. పంట కాలువ ఆగితే చేను ఎండుతుంది. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క పట్టి పూడిపోయిందనుకోండి, అప్పుడు?"

"చేను మునుగుద్దండీ. పైరు కుళ్ళిపోద్ది."

"ఈవిడ తలలో అదే జరిగింది. రక్తం తెచ్చే దారి బాగానే ఉంది. తీసుకెళ్ళే దారి, సిరలు, అక్కడ రక్తం గడ్డకట్టి పూడింది. వెనక్కి పోలేక తలలో ఒత్తిడి పెరిగింది. ఫిట్సు అందుకే వచ్చింది. ఆ ఒత్తిడే కంటి నరాల్ని నొక్కుతోంది. ఆ దారుల్ని కూడా సైనస్ అనే అంటాం. ముక్కులో సైనస్‌కీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు."

నీలగిరి తైలం సీసా ఎవరో సంచిలో పెట్టేశారు.

నా బుర్రలో మురుగు కాలువ ఉందని మా ఆయనకి పెళ్ళయిన కొత్తలోనే అనుమానం ఉండి ఉంటుంది. డాక్టరు ఖాయం చేశారు. ఈ హాస్యం అప్పుడు తోచలేదు లెండి. అప్పుడు మంచం అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాను.

"ఈ వయసులో ఊరికే గడ్డకట్టదు. ఏమైనా మాత్రలు వాడారా? ఆలోచించుకుని చెప్పండి. చికిత్సకి అది ముఖ్యం" అన్నారు.

మా ఆయన నా వైపు చూశారు. ఆయనకి నిజంగానే తెలియదు. బావగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నేను దుప్పటి అంచు మడుస్తున్నాను. అప్పుడు అత్తయ్య లేచింది. పెద్దకొడుకు ఎదుట ఇలాంటి మాట ఎన్నడూ ఎత్తని మనిషి, గది అంతా వినేట్టు చెప్పింది.

"నెల ఆగడానికి మాత్రలు వేసుకుందండీ. ముహూర్తం వాయిదా పడినా ఆపకుండా గృహప్రవేశం అయ్యేదాకా వేసుకుంటానే ఉంది. నేనే తెప్పించాను. అది చెప్పలేక ఊరుకుంది."

"పిల్లలు పుట్టకుండానా?"

"కాదండీ. పీటల మీద కూర్చోడానికి."

బావగారు ఫ్యాను రెక్కల్ని ఎంతో శ్రద్ధగా చూసి, "నేను కిందికెళ్ళి టీ తాగొస్తా" అని వెళ్ళిపోయారు. ఆయన టీ తాగరు. డాక్టరు గారు మాత్రం తిట్టలేదు. మొహం కూడా మార్చలేదు.

"చెప్పి మంచి పని చేశారమ్మా. ఆ మాత్ర వేసుకున్న అందరికీ ఇలా అవుతుందని కాదు. ఎండ, నీళ్ళు తాగకపోవడం, ఉపవాసం, దాని మీద ఇన్నాళ్ళు మాత్రలు. అన్నీ కలిశాయి. ఇక మీదట అవి ముట్టుకోకండి."

"కళ్ళు?" అన్నాను.

"ప్రాణం సంగతి ముందు గట్టెక్కిద్దాం. చూపు చాలావరకు రావాలి. కొంత రాకపోవచ్చు. కొన్ని నెలలు పోతే గాని చెప్పలేను."

"రంగులండీ?"

ఆయన తల ఎత్తి నా వైపు చూశారు. ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

"రంగులూ అంతేనమ్మా" అన్నారు.

బావగారు గంట తర్వాత తిరిగొచ్చారు. చేతుల్లో కొబ్బరిబొండాల గెల. నా మొహం చూడకుండా దాన్ని మంచం కింద పెట్టి, "నీళ్ళు తాగుతుండమ్మా" అన్నారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా రోజూ ఫోను చేసి అదే మాట అంటారు. ఇంకేమీ అనరు. ఫోను పెట్టేస్తారు.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పొట్టలో ఇంజెక్షన్లు చేశారు, రక్తం పలచబడడానికి. పొట్ట మీద ఊదా మచ్చలు పడ్డాయి. ఆ ఊదా రంగు నాకు బూడిదలా కనిపించేది. మా అమ్మ పెడన నుంచి వచ్చి ఒక మూల కూర్చుంది. ఒక పూట ఉండబట్టలేక అడిగేసింది.

"నా కూతురు పీటల మీద కూర్చోకపోతే మీ ఇల్లు కూలిపోయేదా వదినగారూ?"

అత్తయ్య బత్తాయి ఒలుస్తూనే ఉంది. ఒలవడం అయ్యాక సగం మా అమ్మ ముందు పెట్టింది. అమ్మ కాసేపు దాని వంక చూసి, తీసుకుంది.

ఆగస్టు

ఇంటికొచ్చాక తలనొప్పి మెల్లగా దిగిపోయింది. చెవిలో గుండె చప్పుడు ఆగింది. ఒత్తిడి తగ్గించే మాత్రలకి వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కేవి. రక్తం పలచబరిచే మాత్ర మింగుతూ తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలు ఒక రోజు గిన్నెడు, ఒక రోజు అసలు లేకుండా తినకూడదన్నారు. రోజూ ఒకే తీరుగా ఉండాలట. గోంగూరతో నియమం పాటించడం కన్నా కష్టమైన వ్రతం నేనెన్నడూ చేయలేదు.

చుట్టాల చూపు ఇప్పుడు ఇంటి మీద పడింది. ఇల్లు అచ్చిరాలేదన్నారు. మెట్లు తప్పు దిక్కున ఉన్నాయన్నారు. మా ఆయన కూడా తడబడ్డారు. "పోనీ కొన్నాళ్ళు అద్దెకిచ్చి వేరే చోట ఉందామా అమ్మా?" అని అడిగారు.

"ఇల్లేం చేసిందిరా? మాత్రలు ఇల్లు మింగిందా?" అంది అత్తయ్య. ఆ తర్వాత దిక్కుల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

రెండేసి కనిపించడం పోయింది గానీ, గుమ్మాలకి నా ఎడమ భుజం కొట్టుకోవడం మొదలైంది. ఒక రోజు భోజనం దగ్గర, "పచ్చడి వేయలేదేంటి అత్తయ్యా?" అన్నాను. ఆమె నా కంచం కాస్త తిప్పింది. పచ్చడి ఎక్కణ్ణించో వచ్చింది. ముందు నుంచీ అక్కడే ఉంది, ఎడమ పక్క కింది మూలలో. ఆ మూల నాకు లేదు. నల్లగా కూడా లేదు, వీపు వెనక ఏం కనిపిస్తుందో అదే కనిపిస్తోంది. మర్నాటి నుంచి కంచంలో అన్నీ కుడి పక్కకే వచ్చాయి.

షాపు మూసే ఉంది. శ్రావణం వచ్చింది. చీరల నెల, నా పంట నెల. "షాపు ఇచ్చేద్దాం వాణీ. నువ్వు బతికావు, అది చాలు" అన్నారు మా ఆయన. ఆయన ప్రేమగానే అన్నారు. నేను లోపలి గదిలోకి వెళ్ళి బీరువా తెరిచి, ఎర్ర చీరలన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ ఏ ఎరుపో చెప్పుకుంటూ కూర్చున్నాను. కొన్ని కనుక్కున్నాను. కొన్ని చీర గుర్తుండి చెప్పాను, చూసి కాదు. ఆ తేడా నాకు తెలుసు.

కంటి ఆస్పత్రి హాలు గురించి ఒక మాట. అక్కడ అందరి కళ్ళల్లోనూ చుక్కలు వేస్తారు. ఆ తర్వాత నంబర్ల బోర్డు ఎవరికీ కనిపించదు. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఎంత నంబరు నడుస్తుందమ్మా?" అని అడిగారు. "నాకూ మసకేనండీ" అన్నాను. ఆయన అటు పక్కావిడని అడిగారు, ఆవిడ ఇంకొకరిని. వరస చివరిదాకా వెళ్ళి ప్రశ్న తిరిగొచ్చింది. అందరం నవ్వేశాం. జబ్బు మొదలయ్యాక నేను హాయిగా నవ్వింది అప్పుడే. నాలాంటి వాళ్ళు ఇంతమంది ఉన్నారన్న సంగతే నాకు సగం మందు అయింది.

ఇక్కడే చెప్పాల్సింది చెప్పేస్తాను. ఎప్పుడూ లేని తలనొప్పి వచ్చి, పడుకుంటే పెరుగుతూ, చూపు మసకబారుతుంటే, గ్యాసనో దిష్టనో రోజులు గడపకండి. పేపర్లో చుట్టి ఇచ్చిందీ మందే. డాక్టరు అడిగితే చెప్పండి. మగవాళ్ళ ముందు చెప్పలేకపోతే వాళ్ళని బయటికి పంపమనండి, పంపుతారు. ఆ మాత్రలు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి, సాగదీయకండి. బాలింతలకి మంచినీళ్ళు ఇవ్వకుండా పథ్యం పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాళ్ళకి కూడా ఈ జబ్బు వస్తుందట. నా పక్క మంచం మీద అలాంటి పిల్ల ఒకతె ఉండేది. బాగయి ఇంటికెళ్ళింది.

నవంబరు

చివరి పరీక్షలో గడ్డం ఒక గిన్నెలాంటి దాని ముందు ఆనించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కొన్నిసార్లు చాలాసేపు ఏమీ వెలగలేదు. ఆ సమయాల్లో వెలుగుతూనే ఉందనీ, నాకే కనిపించడం లేదనీ నాకు తెలుసు.

"నరాల వాపు పూర్తిగా పోయింది. ఎడమ కింది మూల మాత్రం ఇక రాదమ్మా. మిగతా చూపు బాగుంది. పని చేసుకోవచ్చు" అన్నారు డాక్టరు గారు.

"రంగులు చూసే పరీక్ష కూడా ఉందాండీ?"

"చేశాం, బాగానే చెప్పారు. కానీ మీ వ్యాపారానికి కావలసినంత నిక్కచ్చిగా మా పుస్తకం చూడదు. అది మీ షాపులోనే తేలాలి."

మర్నాడే తలుపు తెరిచాను. టైలరమ్మ అప్పటికే పక్క లాడ్జి మేనేజరుతో మాట్లాడి, మా ఆడవాళ్ళందరికీ కింది బాత్రూం తాళంచెవి సంపాదించింది. మిగతావాళ్ళు పెద్ద స్టీలు బిందెతో నీళ్ళు తెచ్చి మెట్ల దగ్గర పెట్టారు. అత్తయ్య నాతో పాటు వచ్చి నా ఎడమ పక్క స్టూలు వేసుకుని కూర్చుంది. అటు నుంచి ఎవరు ఏం పెట్టినా తీసి నా ముందుకి జరుపుతుంది.

మొదటి కస్టమరు ఒక నడివయసు ఆవిడ, కొత్త మనిషి. పట్టుచీర మడత విప్పింది. తాంబూలం పండిన నోటి ఎరుపు. అందులో నలుపు నీడ ఉంటుంది, ఒక పిసరు ఎక్కువైతే వంకాయలోకి పోతుంది, తక్కువైతే మెరూన్లోకి పోతుంది. రెండు తానులు తీశాను. రెండూ ఒకటే అనిపించాయి. కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, తొందరపడకుండా చూశాను. ఒకదాంట్లో నీడ ఉంది. ఉందనుకున్నాను.

"ఇది" అన్నాను.

"నమ్మొచ్చా? లైట్లో అన్నీ కలిసినట్టే ఉంటాయి. బయట చూసొస్తాను" అని ఆవిడ చీరా తానూ పట్టుకుని ఎండలోకి నడిచింది.

"నేను కూడా వెళ్ళి చూసి చెప్పనా అమ్మాయ్?" అంది అత్తయ్య మెల్లిగా.

"వద్దత్తయ్యా. ఆవిణ్ణే చెప్పనివ్వండి."

ఆవిడ రోడ్డు మీద చీర అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆటో ఒకటి హారను కొట్టినా జరగలేదు. టైలరమ్మ మిషను ఆపేసింది. మా అత్తయ్య మోకాలి మీద చెయ్యి బిగించడం నాకు కనిపించలేదు గానీ గాజుల చప్పుడు వినిపించింది.

లోపలికొచ్చి తాను బల్ల మీద పెట్టింది. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు.

"మీటరుకి కాస్త తగ్గించి చెప్పండి. బయట ఇంతకన్నా తక్కువకే ఇస్తున్నారు" అంది.

నచ్చని గుడ్డకి ఎవరూ బేరమాడరు. ఈ బజారులో ఇన్నేళ్ళుగా కూర్చున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు.

"కుదరదండీ. ఒకటే రేటు" అన్నాను.